వెలగబెట్టవలెను

గట్లు, తూముల పర్యవేక్షణ సంస్థ చేసే పని ఏమిటయ్యా అంటే, నీళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లేలా, వెళ్లకూడని చోటికి వెళ్లకుండా చూడటం. ఆ ఏడు వానలకి ఆ సంస్థ ప్రధాన కార్యాలయం పైకప్పే కారడం మొదలుపెట్టింది. ఫైళ్లు తడిశాయి, బీరువాలు తుప్పు పట్టాయి, గుమస్తాలు గొడుగులు వేసుకుని టైపు చేశారు. అదెవరికీ ఒక సమస్యలాగే తోచలేదు. చివరికి ఒక ధార వచ్చి సాక్షాత్తూ కమిషనర్ గారి కుర్చీలో పడింది. మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చేసింది. మరమ్మతులు పూర్తయ్యేదాకా సిబ్బంది అంతా ఇళ్ల నుంచే పని చేయాలి, రోజూ సాయంత్రం ఏడున్నరకి వీడియో సమావేశంలో కమిషనర్ గారికి కనబడాలి.

ఈ సమావేశాలకి మినిట్స్ రాసే పని నల్లమిల్లి బుల్లబ్బాయిది. పేరు బుల్లబ్బాయే గానీ మనిషికి నలభై ఆరు దాటాయి, నెత్తిన వెంట్రుకలు కూడా పెద్దగా లేవు. పెద్దాపురంలో సొంతిల్లు, నాగరత్నం అనే భార్య, వరహాలమ్మ అనే తల్లి ఉన్నారు. మినిట్స్ రాయడంలో ఆయన్ని మించినవాడు సంస్థ మొత్తంలో లేడు. పైవాళ్లు ఏమంటే అది రాస్తాడు, ఒక్క మాట తీసెయ్యడు, ఒక్క మాట కలపడు. వెనకటి కమిషనర్ ఒకాయన ఏదో సమావేశంలో విసుగెత్తి "నా తలకాయ" అంటే, దాన్ని కూడా "కమిషనరు వారి శిరస్సు ప్రస్తావనకు వచ్చినది" అని రాసి, సంతకానికి పెట్టాడు. ఆయన సంతకం చేశాడు కూడా. మాటకి అర్థం చెప్పడం మినిట్స్ రాసేవాడి పని కాదని బుల్లబ్బాయి నమ్మకం, ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్లు మాట పడకుండా నెట్టుకొచ్చాడు.

మొదటి రోజు వీడియో సమావేశం చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. ఒకాయన పెట్టెలో సీలింగు ఫ్యాను మాత్రమే కనబడుతోంది. ఇంకొకాయన పప్పన్నం కలుపుకుంటున్నాడు. మిగతా అందరూ చీకట్లో చీకటిలా ఉన్నారు. కమిషనర్ గారు ఓపిక పట్టి పట్టి, ఇక పట్టలేక అనేశారు.

"అసలు మీరంతా ఇళ్లల్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నారయ్యా? నాకు కనబడాలి. రేపట్నుంచి కనబడి తీరాలి."

బుల్లబ్బాయి రాసుకున్నాడు. మినిట్స్ తెలుగులోనే, అదీ ఆఫీసు తెలుగులోనే ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి ఇలా రాశాడు: "సిబ్బంది తమ తమ గృహములయందు ఆసీనులై ఏమి వెలగబెట్టుచున్నదీ కమిషనరు వారికి కనబడవలెననియు, ఇది మరుసటి దినము నుండి విధిగా అమలు కావలెననియు నిర్ణయించడమైనది."

అది జాయింట్ డైరెక్టర్ పేర్రాజు గారి దగ్గరికి అమలుకి వెళ్లింది. పేర్రాజు గారు పైవాళ్లని ఎన్నడూ ఒక్క ప్రశ్న వెయ్యకుండా పైకొచ్చిన మనిషి. అందుకని కింద ఉన్న బుల్లబ్బాయికి ఫోన్ చేసి, ఏం వెలగబెట్టమన్నారో కమిషనర్ గారు వివరంగా చెప్పలేదా అని అడిగారు. లేదండి, వెలగబెట్టేది కనబడాలన్నారండి, నేను రాసుకున్నది అంతవరకేనండి, అన్నాడు బుల్లబ్బాయి. అయితే ఏం వెలిగించాలన్నది సిబ్బంది ఇష్టానికి వదిలారన్నమాట, అని పేర్రాజు గారు తేల్చేశారు. సాయంత్రానికల్లా సర్క్యులర్ వెళ్లిపోయింది.

రెండో రోజు సమావేశంలో సిబ్బంది అంతా వెలగబెట్టారు. ట్యూబులైట్లు పెట్టినవాళ్లు కొందరు, దీపావళికి కట్టే రంగు బల్బుల తీగలు గోడనిండా వేలాడదీసినవాళ్లు కొందరు. ఒక సూపరింటెండెంటు గారి ఇంట్లో ఇత్తడి కుందులే వెలిగించి అటూ ఇటూ పెట్టారు. మధ్యలో ఆయన అలికిడి లేకుండా కూర్చునేసరికి, చూసినవాళ్లకి గుండె గుభేలుమంది. దీపాలన్నీ వెనకే ఉండటంతో మొహాలు మాత్రం నిన్నటికంటే నల్లగా ఉన్నాయి.

ఒక్క బుల్లబ్బాయి మొహం మాత్రం నిగనిగలాడిపోతోంది. కారణం ఏమీ లేదు. వరహాలమ్మ టీవీకి ఎదురుగా తప్ప ఆ ఇంట్లో నెట్ సరిగ్గా అందదు. ఆ నిమిషంలో టీవీలో ఏదో బట్టల సబ్బు ప్రకటన వస్తోంది, తెరంతా తెల్లటి దుప్పట్లు. ఆ మొహం ఎవరిదయ్యా, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు, అని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు అనేది ఆ సంస్థలో అంతకు ముందు ఎవరూ ఎరగరు. పేర్రాజు గారు అప్పటికప్పుడు విచారణ జరిపి, వెలుగు టీవీదని కనిపెట్టారు.

రెండో సర్క్యులర్లో టీవీకి "గృహ దీప్తి ఉపకరణము" అని పేరు పెట్టారు. సమావేశ సమయంలో ప్రతి ఉద్యోగీ దాన్ని తన మొహానికి ఎదురుగా ఉంచుకొని, తెరపై తెలుపు తప్ప వేరే ఏ దృశ్యమూ లేకుండా చూసుకోవాలి. దీప్తి లేని మొహం గైర్హాజరు మొహంగా పరిగణింపబడుతుంది.

సరిగ్గా ఇక్కడే బుల్లబ్బాయి కొంప మునిగింది.

ఏడున్నర అంటే 'గోరింట గుమ్మం' వేళ. ఏళ్ల తరబడి వరహాలమ్మ ఆ సీరియల్ ఒక్క రోజు తప్పకుండా చూస్తోంది. అందులో మందాకిని అనే పిల్ల మేడమెట్ల మీంచి పడి మతి పోగొట్టుకుని, తన అత్తవారింట్లోనే వంటమనిషిగా చేరుతుంది. కళ్లద్దాలు పెట్టుకుంది కాబట్టి కట్టుకున్న మొగుడు కూడా ఆనవాలు పట్టలేడు. ఆ కళ్లద్దాలు తీసే రోజు కోసం వరహాలమ్మ బతుకుతోందంటే అతిశయోక్తి కాదు. మధ్యలో ఆవిడకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. చిన్న టీవీలో మొహాలు ఆనడం లేదంటే బుల్లబ్బాయే వెళ్లి, వాయిదాల మీద యాభై అయిదు అంగుళాల టీవీ తెచ్చి గోడకి బిగించాడు. నా కొడుకు నా కళ్ల కోసం కొన్నాడని ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. ఇప్పుడు ఆ కొడుకే, సీరియల్ మొదలయ్యే వేళకి దానిమీద తెల్లసున్నం కొట్టినట్టు ఒక బొమ్మ పెట్టుకుని కూర్చుంటున్నాడు.

వరహాలమ్మ పోట్లాడలేదు. పోట్లాడితే బుల్లబ్బాయి ప్రాణం కుదుటపడేది. పొద్దున లేచింది మొదలు కొడుకుని ఏదో ఒకటి అనకుండా ఆవిడకి కాఫీ కూడా దిగేది కాదు, అలాంటి మనిషి మాట మానేసింది. ఏదన్నా చెప్పాల్సి వస్తే కోడలితో చెప్పేది. మీ ఆయనకి ఇంకో గరిటె పులుసు కావాలేమో అడుగు. కమిషనర్ గారి గుమస్తా గారు కాలు తీస్తే చాప మడత పెట్టుకుంటానని చెప్పు. పక్కింట్లో చూడమంటే వాళ్లది అగ్గిపెట్టెంత టీవీ, అందులో ఈవిడ కళ్లకి మందాకిని ఎవరో అత్తగారెవరో తెలియదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు కదమ్మా అని బుల్లబ్బాయి బతిమాలితే, ఆవిడ నాగరత్నం వైపు తిరిగి అంది.

"చద్దన్నం నీకు పెడతాను తింటావా అని అడగవే మీ ఆయన్ని."

బుల్లబ్బాయికి ఆ పూట అన్నం సయించలేదు. తల్లి తిట్టని ఇల్లు ఆయనకి తన ఇల్లులాగే లేదు.

ఈలోగా దీప్తి పథకం పైకి పాకింది. మీ సంస్థలో ఉద్యోగుల మొహాలు కళకళలాడుతున్నాయట కదా అని సచివాలయంలో ఎవరో అన్నారట. అంతే, అసలు తానేమన్నాడో కమిషనర్ గారికి అప్పటిదాకా గుర్తుంటే గనక, ఆ క్షణం నుంచీ గుర్తు లేదు. ఇదంతా ఎప్పట్నుంచో తన మనసులో ఉన్న ఆలోచన అని నాలుగు చోట్ల చెప్పేశారు.

పథకం అన్నాక హోదా ఉండాలి. అటెండరుకి ఎంత వెలుగో డైరెక్టరుకీ అంతే వెలుగైతే ఇక సర్వీసు నిబంధనలు ఎందుకని పేర్రాజు గారు వాపోయారు. వెంటనే దీప్తి క్రమబద్ధీకరణ ఉత్తర్వు వచ్చింది. అటెండర్లకి ఇరవై నాలుగు అంగుళాలు, అసిస్టెంట్లకి ముప్ఫై రెండు, అలా పైకి పెరుగుతూ పోయి కమిషనర్ గారికి నలభై మూడు. కమిషనర్ గారింట్లో ఉన్నది నలభై మూడు అంగుళాలదే. "హోదాకు మించిన వెలుగు క్రమశిక్షణా రాహిత్యముగా భావించబడును" అని అడుగున రాశారు.

బుల్లబ్బాయి టీవీ కమిషనర్ గారి టీవీ కంటే పెద్దది. ఈ సంగతి తెలియగానే పేర్రాజు గారు ఫోన్ చేశారు. మిగులు అంగుళాలని తక్షణం కప్పేయమన్నారు. నాగరత్నం పాత వాయిల్ చీర తెచ్చి, బట్టల క్లిప్పులు పెట్టి, టీవీకి చుట్టూరా ముసుగు వేసింది. మధ్యలో ముప్ఫై రెండు అంగుళాలే మిగిలాయి. చీర జారి ఒక పక్కకి వచ్చేసిన రోజున బుల్లబ్బాయి మొహం సగమే వెలిగింది. సగం మొహమే హాజరైనందున ఆ రోజుకి సగం సెలవు కోశారు. ముసుగేసిన టీవీని చూసి వరహాలమ్మ దండం పెట్టి లోపలికి వెళ్లిపోయింది, ఇంట్లో ఎవరో పోయినట్టు.

సంస్థకి అసలు పని కూడా ఒకటి ఉంది కదా. అది ఒకనాటి సాయంత్రం తనంతట తానే వచ్చింది. చింతలంక నీటి సంఘం అధ్యక్షుడు సత్తిరాజు అనే రైతు, తూము తలుపు ఊడిపోయి నీళ్లు చేలో పడిపోతుంటే, గట్టు మీద ట్రాక్టరు నిలబెట్టి, దాని లైట్లు తన మీదికి వేసుకుని, ఫోన్లోంచే సమావేశంలోకి వచ్చాడు. మొహం పగలు లాగా వెలుగుతోంది. తలుపు ఊడిపోయిందండీ, మనుషుల్ని పంపండి అంటున్నాడు. కమిషనర్ గారు కళ్లు చిట్లించుకున్నారు. పేర్రాజు గారు కంగారు పడిపోయి, ఈయనకి ఇంత వెలుగు ఎవరు మంజూరు చేశారని అడిగారు.

"వెలుగు సంగతి తర్వాత చూద్దురుగానండి, ముందు తూము చూడండి బాబూ," అన్నాడు సత్తిరాజు.

అధిక దీప్తి కారణంగా ఆయన్ని సమావేశం నుంచి తొలగించారు. ట్రాక్టరు దీపము ఏ హోదాకి సమానమో నిర్ణయించడానికి ఒక ఉపసంఘం వేశారు. బుల్లబ్బాయి అదీ రాసుకున్నాడు, ఒక్క మాట కలపకుండా. తూముకి మాత్రం సత్తిరాజే ఇసక బస్తాలు అడ్డం వేసుకున్నాడని తరవాత తెలిసింది.

తరవాత తనిఖీలు వచ్చాయి. దీప్తి తనిఖీ అధికారి అచ్యుతం గారు ఒకరోజు పెద్దాపురం వచ్చి, బుల్లబ్బాయి ఇంట్లో చాప మీద మఠం వేసుకుని టేపు తీశారు. వెలుతురు కొలిచే యంత్రానికి టెండరు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి, టీవీ వెలుగులో కుంకం భరిణె తెరిచి చూసి, ఎరుపు ఎరుపులా కనబడితే చాలునని రాసుకుంటున్నారు. ఆయన భరిణె మూత పెడుతుండగా, వరహాలమ్మ వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. కొడుకుతో మాట్లాడటం లేదు గానీ అధికారులతో మాట్లాడకూడదని ఆవిడేం ఒట్టు పెట్టుకోలేదు.

"బాబూ, నీకైనా తెలుసా? మందాకిని కళ్లద్దాలు తీసిందా?"

అచ్యుతం గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఇంకా లేదండి. ఈ శుక్రవారం తీస్తుందంటున్నారు. మా ఇంట్లో కూడా టీవీ నా ముందే ఉంటోంది కదండీ, మా ఆవిడ నాతో మాట్లాడి చాలా రోజులైంది. ఆవిడ వాళ్ల చెల్లెలితో ఫోన్లో చెప్తుంటే విన్నాను."

శుక్రవారం అనగానే బుల్లబ్బాయి గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. శుక్రవారం నాడే సచివాలయం నుంచి ముఖ్య కార్యదర్శి గారు సమావేశంలోకి వచ్చి దీప్తి పథకాన్ని స్వయంగా చూడబోతున్నారు. ఆ రోజు వెలగని మొహానికి ఇంక్రిమెంటు ఉండదని అప్పటికే హెచ్చరిక వచ్చేసింది.

శుక్రవారం వచ్చింది. వరహాలమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, దీపాల వేళ నుంచే టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పెట్టమని అడగలేదు. కొడుకు వైపు చూడనూ లేదు. ఊరికే కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. బుల్లబ్బాయి లాప్‌టాప్ తెరిచాడు, తెల్లబొమ్మ పెట్టబోయాడు, తల్లి వైపు చూశాడు. ఏమైతే అయిందనుకున్నాడు. క్లిప్పులు పీకేసి చీర లాగేశాడు, సీరియల్ పెట్టేశాడు, తన మైకు కట్టేసుకుని, ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని మినిట్స్ రాయడానికి కూర్చున్నాడు. వరహాలమ్మ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

సమావేశం గంభీరంగా మొదలైంది. ముఖ్య కార్యదర్శి గారు కనబడ్డారు, ఆయన వెనక మామూలు గోడ, మామూలు లైటు. కమిషనర్ గారు దీప్తి ద్వారా పారదర్శకత, పారదర్శకత ద్వారా జవాబుదారీతనం అంటూ అందుకున్నారు. బుల్లబ్బాయి మొహం మీద పసుపు రంగు పడింది, టీవీలో పూజగది చూపిస్తున్నారు. పట్టుబడ్డానురా అనుకుంటూ తెర మీద తక్కిన మొహాలు చూశాడు. పేర్రాజు గారి మొహం కూడా పసుపుగా ఉంది. అచ్యుతం గారిదీ పసుపే. తరవాత తోట వచ్చింది, మొహాలన్నీ పచ్చబడ్డాయి. అప్పుడు తెలిసింది బుల్లబ్బాయికి, వరహాలమ్మ ఉన్నది తన ఒక్క ఇంట్లోనే కాదని.

టీవీలో మందాకిని పళ్లెం పట్టుకుని హాల్లోకి వచ్చింది. చెయ్యి కళ్లద్దాల మీదికి వెళ్లింది. సీరియల్ వాళ్ల అలవాటు ప్రకారం తెర మూడు మాట్లు ఎర్రగా మెరిసింది. సంస్థ సిబ్బంది మొహాలన్నీ ఒక్కసారే, మూడు మాట్లు, ఎర్రగా మెరిశాయి.

వీళ్లందరికీ ఒకేసారి కోపం వచ్చిందేమిటని ముఖ్య కార్యదర్శి గారు అడిగారు. కమిషనర్ గారు తడుముకోకుండా, అది సామూహిక దీప్తి, సిబ్బంది ఐకమత్యానికి నిదర్శనం అని చెప్పబోయారు. చెబుతుండగానే టీవీ మళ్లీ మెరిసి, ఆయన మొహం కూడా ఎర్రబడింది. ఆయన మైకులోంచి ఒక ఆడగొంతు స్పష్టంగా అందరికీ వినబడింది.

"కాస్త పక్కకి జరగండి. దాని మొహం కనబడట్లేదు."

తరవాత ముఖ్య కార్యదర్శి గారు కళ్లజోడు తుడుచుకుని, నెమ్మదిగా అడిగారు.

"అసలు మీరంతా అక్కడ కూర్చుని ఏం వెలగబెడుతున్నారయ్యా?"

ఈసారి ఆ మాటకి అర్థం కమిషనర్ గారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. టీవీలో ఎరుపు ఇంకా మెరుస్తూనే ఉన్నా ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. ముఖ్య కార్యదర్శి గారు వెళ్లిపోయాక, ఇదంతా ఎవరి నిర్వాకమని ఆయన పేర్రాజు గారి మీద విరుచుకుపడ్డారు. పేర్రాజు గారు వినయంగా మొదటి రోజు మినిట్స్ చదివి వినిపించారు, అడుగున కమిషనర్ గారి సంతకంతో సహా. కమిషనర్ గారు తల పట్టుకున్నారు.

"నేనన్నదేమిటి, మీరు చేసిందేమిటి. చాలు. రేపట్నుంచి అందరూ మూసుకుని కూర్చోండి."

బుల్లబ్బాయి రాసుకున్నాడు. "సిబ్బంది అందరూ మరుసటి దినము నుండి మూసుకొని కూర్చుండవలెనని నిర్ణయించడమైనది."

పది నిమిషాలు తిరక్కుండా పేర్రాజు గారు ఫోన్ చేశారు. గొంతులో అలసట ఉంది గానీ, ప్రశ్న మాత్రం పాతదే. మూసుకుని అన్నారు సరే, ఏం మూసుకోవాలో కమిషనర్ గారు వివరంగా చెప్పలేదా?

సర్వీసు మొత్తంలో బుల్లబ్బాయి ఒక్క మాట సొంతంగా కలిపినవాడు కాదు. తలుపులంటే తలుపులు మూస్తారు, కళ్లంటే కళ్లు మూస్తారు, ఈ సంస్థని ఆ దేవుడు కూడా ఆపలేడు. ఎదురుగా వరహాలమ్మ టీవీలోకి వంగి చూస్తోంది. మందాకిని కళ్లద్దాలు తీసేసింది. మొగుడు గుర్తుపట్టాడు. వరహాలమ్మ కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, తుడుచుకుంటే ఎక్కడ ఒక్క క్షణం చూడటం తప్పిపోతుందోనని. బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"కెమెరాలు అన్నారండి."

"కెమెరాలా?"

"ఆయ్. కెమెరాలు మూసుకుని కూర్చోమన్నారండి. టీవీల ఊసు ఎత్తొద్దన్నారండి."

సర్క్యులర్ ఆ రాత్రే వెళ్లింది. మర్నాటి నుంచి సంస్థలో ప్రతి కెమెరా మీదా ఒక కాగితం ముక్క అంటించి ఉంది. అంగుళాలు లేవు, ముసుగులు లేవు, కుంకం భరిణెలు లేవు. కమిషనర్ గారు చీకటితోనే మాట్లాడేవారు, చీకటి ఆయనకి అలాగేనండి అనేది. పని అంతకు ముందు ఎంత జరిగేదో అంతే జరిగింది.

మందాకిని కథ ఆ శుక్రవారంతో అయిపోలేదు. అయిపోతే అది సీరియల్ ఎలా అవుతుంది. సోమవారం నాడు అచ్చం మందాకినిలాంటి మనిషే ఇంకొకతె, కళ్లద్దాలు పెట్టుకుని, గుమ్మంలో దిగింది. వరహాలమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. వెనకాల మూల, గోడవారగా, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని బుల్లబ్బాయి సమావేశంలో ఉన్నాడు. అక్కడ నెట్ సరిగ్గా అందక, కమిషనర్ గారి మాటలు సగం సగం వినబడుతున్నాయి. ప్రకటనలు వచ్చాయి. తెరంతా తెల్లటి దుప్పట్లు. ఆ వెలుగులో వరహాలమ్మ కుర్చీలోంచి వెనక్కి తిరిగి, మూలన నక్కి కూర్చున్న కొడుకుని చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి, మధ్యలో కోడలు లేకుండా, నేరుగా వాడితోనే అంది.

"ఆ మూల కూర్చుని ఏం వెలగబెడుతున్నావురా? ఇటొచ్చి కూర్చో. దీని పోలికలు చూడు, నాకైతే అదీ ఇదీ ఒకటే అనిపిస్తోంది."

బుల్లబ్బాయి ఆ మాటని ఎక్కడా రాసుకోలేదు. ఇయర్‌ఫోన్స్ తీసి చాప మీద పెట్టి, లేచి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.